సార్ పేరు మీద నేను రాసిన రెండు లెటర్లు

మా వైపు కాలేజీల్లో ఎవరైనా రికమెండేషన్ లెటర్ అడిగితే సార్లు చెప్పే మాట ఒకటే. "నువ్వే రాసుకొని రాప్పా, సంతకం పెడతా." ఇందులో దాపరికమేమీ లేదు. సార్‌కు తీరిక ఉండదు, ఇంగ్లీషులో పొగడటం చేతకాదు, పిల్లోడు బాగుపడితే చాలనే మంచితనం మాత్రం ఉంటుంది. కాబట్టి పిల్లోడే తనను తాను పొగుడుకుంటాడు, సార్ కింద సంతకం చేసి రౌండ్ సీలు కొడతాడు. ఆన్‌లైన్ వచ్చాక సంతకం కూడా తప్పింది. సార్ మెయిల్ పాస్‌వర్డ్ ఇస్తే పిల్లోడే సార్‌గా మారి ఫారం నింపేస్తాడు.

కర్నూలులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాదిలో ఉండగా నేనూ అలా సార్‌గా మారాను. ఒకసారి కాదు, ఒకే మధ్యాహ్నం రెండుసార్లు. మొదటిసారి నా కోసం, రెండోసారి నా ప్రాజెక్టులో జతగా ఉన్న అమ్మాయి కోసం. ఆ మధ్యాహ్నం గురించి నేను ఇంతవరకు ఎవరికీ రాయలేదు. చెప్పాల్సినవాళ్లకు చెప్పాక ఇప్పుడు రాస్తున్నాను.

ఆమెది మంగంపేట పక్కన పల్లె. వాళ్ల నాయన ముగ్గురాయి, అదే బెరైటీస్, గనుల దగ్గర పొడి మిల్లులో పనిచేసేవాడు. బడి తెలుగు మీడియం, ఆదివారం చర్చి, పుస్తకాలు లైబ్రరీవి. నాది ఆత్మకూరు. మాకు పొలాలున్నాయి, నాయనకు ఎరువుల అంగడి ఉంది, నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం. క్లాసులో నాకు మంచి పేరు. ఆ పేరులో సగం నా ఇంగ్లీషుదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మొత్తం నా బుర్రదే అనుకునేవాణ్ని.

మా ల్యాబులో ఇంకో ఆచారం ఉండేది. ముందు జవాబు, తర్వాత రీడింగులు. సీనియర్ల రికార్డులోంచి రావాల్సిన విలువ చూసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వెనక నుంచి అల్లుకుంటూ వచ్చేవాళ్లం. మరీ సరిగ్గా వస్తే అనుమానమని చివర్లో ఒకటి రెండు అంకెలు చెడగొట్టేవాళ్లం. ఆ చెడగొట్టడంలో నాది అందె వేసిన చెయ్యి. జూనియర్లు నా దగ్గర నేర్చుకునేవాళ్లు, నేను గర్వంగా నేర్పేవాణ్ని.

ఆమె మాత్రం రేడియేషన్ లెక్కించే గైగర్ కౌంటర్ ముందు కూర్చుని ఎంత వస్తే అంతే రాసేది. రికార్డు వెనక్కి వచ్చేది, మార్కులు తగ్గేవి, మళ్లీ చేసేది. ల్యాబ్ అటెండరు విసుక్కునేవాడు. "పుస్తకంలో ఉండేది రాస్తే అయిపోతాది కదమ్మా, రోజూ ఈ తగులాటమేంది?"

"పుస్తకంలో ఉండేది పుస్తకంలోనే ఉండాది కదన్నా. ఈడ ఎంతుండాదో చూస్తాండా," అనేది.

ప్రాజెక్టుకు మా ఇద్దరినీ జత చేసినప్పుడు నేను లోపల గొణుక్కున్నాను. ఏం చేద్దామని మా గైడ్ సార్ అడిగితే నా దగ్గర ఏమీ లేదు. ఆమె ఒక ప్లాస్టిక్ సంచి తీసి టేబుల్ మీద పెట్టింది. అందులో బూడిద రంగు పొడి, రెండు రాళ్లు. ముగ్గురాయి బరువైంది, గామా కిరణాలను అడ్డుకుంటుంది, అది పుస్తకాల్లో ఉన్నదే. కానీ గనుల దగ్గర నాసిరకమని గుట్టలుగా పారబోసే రాయి ఉంటుంది. దాన్ని సిమెంటులో కలిపి ఇటుకలు చేస్తే చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో ఎక్స్‌రే గది గోడలకు పనికొస్తుందా? ఆమె అడిగిన ప్రశ్న అది. నేను కర్నూలు ఆసుపత్రిలో వంద సార్లు ఎక్స్‌రే గది ముందు నిలబడి ఉంటాను, ఆ గోడ దేనితో కట్టారని ఒక్కసారీ అనుకోలేదు.

పొడిని రేకు డబ్బాలో పోసి, ఒక పక్క రేడియేషన్ మూలాన్ని, ఇంకో పక్క కౌంటర్‌ను పెట్టి లెక్కించాం. రావాల్సిన దానికంటే ఎక్కువ కిరణాలు దాటి వచ్చాయి. నేను వెంటనే పెన్సిల్ తీశాను, దిద్దేద్దామని. ఆమె ఒప్పుకోలేదు. మూడు రోజులు ఆ డబ్బా ముందు కూర్చుంది. నాలుగో రోజు డబ్బాను రెండు చేతులతో ఎత్తి నేల మీద తట్టడం మొదలుపెట్టింది. మా అమ్మ డబ్బాలో పిండి ఇంకా పట్టాలని తట్టినట్టే తట్టింది. పొడి రెండు వేళ్లంత దిగింది. దిగిన చోట ఇంకా పొడి పోసి నింపి మళ్లీ లెక్క పెడితే కౌంట్ తగ్గింది.

"రాయి తప్పు కాదప్పా. మధ్యలో గాలుండాది," అంది. ఆ తర్వాత తూకం వేసి, పొడి సాంద్రత కట్టి, పుస్తకంలో ఉన్నది గట్టి రాయికని, మనది పొడికని, రెంటికీ తేడా ఎంత రావాలో అంతే వచ్చిందని కాగితం మీద చూపించింది. నాసిరాయి ఇటుకలు కూడా అలాగే కొలిచింది. నేను గ్రాఫులు గీశాను. రిపోర్టు ఇంగ్లీషులో రాశాను. నా వంతు అదే, అంతకు మించి చెప్పుకుంటే అబద్ధం.

ఆ ఏడాదే యూరప్‌లో ఒక అంతర్జాతీయ మాస్టర్స్ గురించి తెలిసింది. రెండేళ్లు, మూడు దేశాల్లో చదువు, ఎంపికైతే ఖర్చంతా వాళ్లదే. "ఈడ ఎమ్మెస్సీ చేసి ఆడ మళ్లా ఎమ్మెస్సీనా? ఒకే సినిమా రెండుసార్లు చూసినట్ల," అని మా నాయన నవ్వాడు. నేను తెగించి అప్లై చేస్తానన్నాను. ఆమెనూ అప్లై చెయ్యమని నేనే చెప్పాను. ఆ మంచి పని చేసింది నేనేనని ఒప్పుకోవాలి, తర్వాత చేసిన దాన్ని అది ఏమాత్రం కడగదు.

సార్ ఎప్పటి మాటే చెప్పాడు. "నీ ఇంగ్లీషు బాగుంటాది కదప్పా. ఇద్దరిదీ నువ్వే రాసి పంపీ. నాకు పేపర్లు దిద్దే పనుండాది." ఆమె కూడా అదే అంది. "నాది కూడా నువ్వే రాయప్పా. నన్ను నేను పొగుడుకునేది నాకు చేతకాదు. రాసినాక నాకు చూపియ్యాకు, సిగ్గేస్తాది."

డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నాకు తెలియక చేశానని ఎవరైనా నా తరఫున అనుకోవచ్చు, ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. అప్పటికి రెండు నెలలుగా ఇంటర్నెట్‌లో ఇలాంటి లెటర్ల గురించే చదువుతున్నాను. మన దగ్గర పొగడ్తలనుకునే మాటలు అక్కడ పొగడ్తలు కావని నాకు బాగా తెలుసు. కష్టపడే పిల్ల, సమయానికి వస్తుంది, వినయం గలది, పెద్దలంటే గౌరవం. ఇవి రాస్తే అక్కడివాళ్లు, ఈ టీచరుకు ఈ పిల్ల గురించి చెప్పడానికేమీ లేదని అర్థం చేసుకుంటారు. అది తెలిసే రాశాను. ఆమె లెటర్ నిండా అవే రాశాను. ఒక్క అబద్ధం లేదు. ఆమె కష్టపడేదే, సమయానికి వచ్చేదే.

నా లెటర్‌లో డబ్బా ఉంది. పుస్తకం విలువతో కలవని రీడింగును దిద్దడానికి ఒప్పుకోని విద్యార్థి ఉన్నాడు. పొడి మధ్య గాలి ఉంది. గనుల దగ్గర పారబోసిన రాయిని చూసి ఆసుపత్రి గోడను ఊహించిన తెలివి ఉంది. 'నా ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి ప్రశ్న అడిగిన విద్యార్థిని చూడలేదు' అని సార్ చేత అనిపించాను. ఫారం చివర, ఈ విద్యార్థిని మీరు ఎక్కడ నిలబెడతారని గడులు ఉన్నాయి. నాకు అన్నింటికంటే పై గడి. ఆమెకు దాని కింది గడి పెట్టబోయి, ఇంకో మెట్టు దించి 'బాగు' అన్నచోట నొక్కాను. ఒకే కాలేజీ, ఒకే సార్, రెండు అప్లికేషన్లు. ఇద్దరినీ తీసుకోరని నాకు భయం. ఒకరినే తీసుకుంటే ఎవరిని తీసుకోవాలో నాకు తెలుసు, అదే అసలు భయం.

"రాసినావా?" అని ఆమె వరండాలో అడిగింది.

"రాసినా. శానా బాగొచ్చింది," అన్నాను.

మర్నాడు ఆమె ఇంటి నుంచి తెచ్చిన నిప్పట్లు నాకొక పొట్లం ఇచ్చింది. తిన్నాను కూడా.

నన్ను ఇంటర్వ్యూకు పిలిచారు. స్క్రీన్ మీద ముగ్గురు. వాళ్లలో తెల్లగడ్డం ఆయన ఆ డబ్బా గురించే అడిగాడు. తట్టాలని ఎలా తట్టింది? మా అమ్మ పిండి డబ్బా తట్టడం చూశానని చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. ఆ క్షణంలో నేను గెలిచానని నాకు తెలిసిపోయింది. ఆమెను ఇంటర్వ్యూకు కూడా పిలవలేదు. తనకొచ్చిన మెయిల్ చూపించి, "నాది ఆళ్లకు ఆనలేదప్పా. నీకొచ్చింది చాలు, మన ప్రాజెక్టుకు వచ్చినట్లే కదా," అంది.

చదువు గురించి చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ లేదు. అక్కడి ల్యాబులో మొదటి నెలలోనే రీడింగులు అల్లే నా విద్య బయటపడింది. నా డేటా చూసి ప్రొఫెసర్ ఒకావిడ, ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాదు, మళ్లీ చెయ్యి అని మాత్రం అంది. కొలవడం నేర్చుకున్నాను, నెమ్మదిగా, ఇరవై మూడేళ్ల వయసులో. కౌంటర్ ముందు కూర్చున్న ప్రతిసారీ ఆమె గుర్తొచ్చేది. ఇక్కడ కూర్చోవాల్సింది ఆమె అని మనసులో అనుకునేవాణ్ని, అనుకున్నాక కుర్చీ ఇంకాస్త దగ్గరకు లాక్కునేవాణ్ని.

డిగ్రీ అయింది. అక్కడే పరిశోధన కోసం పెట్టిన అప్లికేషన్లకు జవాబులు రావాలి. ఈలోగా సర్టిఫికెట్ల పని మీద ఇంటికి వచ్చి, ఒక శనివారం కడపకు బస్సెక్కాను. ఆమె అక్కడ ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. మూడేళ్లుగా దాచిన మాట చెప్పేసి, తిట్లు తిని, తేలికపడి రావాలని నా లెక్క. అందులోనూ నా సుఖమే చూసుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆమె రెండు క్లాసుల మధ్య బయటికి వచ్చింది. చేతులకు సుద్దపొడి. కాలేజీ ఎదురుగా టీ అంగడిలో బల్ల మీద కూర్చున్నాం. నేను తల వంచుకుని మొత్తం చెప్పాను. ఆమె గ్లాసు పట్టుకుని వింది, తాగలేదు.

"దాంట్లో డబ్బా మాట లేదా?"

"లేదు."

"నాసిరాయి?"

"లేదు. అదంతా నా దాంట్లో రాసుకున్న్యా."

గ్లాసు బల్ల మీద పెట్టింది. తిడుతుందని కాచుకున్నాను. ఆమె తిట్టలేదు. అడిగింది.

"అదే లెటర్ కదా సార్ దగ్గర ఉండేది?"

నాకు అర్థం కాలేదు.

"నేను ఆ కోర్సుకే ప్రతి యేడూ పెడతాండానప్పా. పోయినేడు పెట్టినా, అంతకు ముందేడు పెట్టినా. సార్‌ను అడిగితే, అప్పుడు రాసింది కంప్యూటర్లో అట్లే ఉండాది పాపా, బాగుండాది, దాన్నే పంపిస్తాలే అన్న్యాడు. ఆఫీసులో పిల్లోనితో దాన్నే పంపిచ్చినాడు. ఈ యేడు కూడా అదే పోయింది, పోయిన వారం."

ఒక్కసారి చేసిన తప్పు అనుకుని వచ్చాను. అది ఏటేటా ఆమె కంటే ముందు వెళ్లి గుమ్మం దగ్గర నిలబడుతూ వచ్చింది.

"నాకే ఫిజిక్స్ రాదేమో అనుకుంటాంటి," అంది. గొంతు మామూలుగానే ఉంది. "పిల్లోళ్లకు చెప్పేటప్పుడు గూడా భయమయ్యేది. తప్పు చెప్తాండానేమో అని."

నేను సారీ అన్నాను. ఆ మాట టీ అంగడి బల్ల మీద ఎంత చిన్నగా ఉందో చెప్పలేను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. లెటర్ మార్చుకోవడానికి మంగళవారం దాకా గడువుందని, రేపు ఆదివారం సార్ ఇంట్లో ఉంటాడని, పొద్దున ఆరింటి బస్సుకు పోదామని చెప్పి క్లాసుకు వెళ్లిపోయింది.

కర్నూలు దాకా ఆమె ముందు సీట్లో, నేను వెనక. సార్ మమ్మల్ని చూసి సంబరపడి ఉగ్గాని తెప్పించాడు. తన శిష్యుడు విదేశాల్లో చదివి వచ్చాడని పక్కింటాయనను పిలిచి చూపించబోయాడు. ఆయనను కూర్చోబెట్టి చెప్పాను. ఆమెకు చెప్పడం కంటే అది కష్టమైంది. సార్ ఉగ్గాని పళ్లెం పక్కకు జరిపాడు.

"నా పేరు మీద కదప్పా రాసినావు," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "నేనన్నా ఒక్కసారి చదవల్సిండె పాపా," అన్నాడు.

కొత్త లెటర్ రాయాలి. సార్ కంప్యూటర్ తెరిచి, ఆమె ఏమేం చేసిందో చెప్పమన్నాడు. తన గురించి తాను చెప్పుకోవడం ఆమెకు ఇప్పటికీ చేతకాదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలయ్యేసరికి సార్ టైపు చేయడం ఆపాడు. పాత ఫోల్డర్‌లోంచి నా లెటర్ తెరిచాడు. నేను చెబుతున్నది మాటకు మాట అక్కడే ఉంది. ఆమె గురించి రాయాల్సిన లెటర్ మూడేళ్ల కిందటే నేను రాసేశాను. పేరొక్కటే తప్పు.

"ఇదే పంపిస్తే ఆళ్లు కనిపెడతారు కదా," అన్నాడు సార్. "అదే కోర్సు. నీ పేరుతో వచ్చింది ఆళ్ల దగ్గర ఉంటాది."

అది బయటపడితే నా డిగ్రీ ఏమవుతుందో, రావాల్సిన జవాబులు ఏమవుతాయో ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను. ఆమెకు ఇంత చేశాక, ఆమె ఎదురుగా కూర్చుని ఆ లెక్కే వేసుకున్నాను. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "మాటలు కొంచెం మార్చి రాద్దాం సార్."

ఆమె అప్పుడు మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"మార్చేదేంటికప్పా? నేను చేసిందే కదా అది."

సార్ నా పేరు తీసి ఆమె పేరు పెట్టాడు. అతడు అని ఉన్న చోటల్లా ఆమె అని దిద్దాడు. ఆ లెటర్ ముందు వేరే పేరుతో వెళ్లిందని, పొరపాటు తనదేనని పైన రెండు వరుసలు తన సొంత ఇంగ్లీషులో రాశాడు. అందులో రెండు తప్పులున్నాయి, ఎవరమూ సరిచేయలేదు. ఈసారి పంపేముందు మొదటి అక్షరం నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. మెయిల్ పాస్‌వర్డ్ నన్ను అడగకుండా, నాకు కనబడకుండా తనే కొట్టుకున్నాడు.

అది వెళ్లి మూడు వారాలైంది. రోజూ పొద్దున లేచి మెయిల్ తెరుస్తాను. ఆమెను ఇంటర్వ్యూకు పిలవాలని కోరుకుంటాను, నిజంగానే కోరుకుంటాను. ఆ వెంటనే నన్ను మాత్రం ఏమీ అడగకూడదని కోరుకుంటాను. రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. ఇంత జరిగాక కూడా రెండోదే కాస్త గట్టిగా వస్తుంది, అదే నా సిగ్గు.